చెవులు కావలెను

మా ప్లేటు మామ ఎదురొస్తున్నాడంటే కోవిల్‌పట్టి మెయిన్ రోడ్డులో తెలిసినవాళ్లంతా గబగబా అవతలి పక్కకి దాటేస్తారు. మామ అప్పులడిగే మనిషి కాడు. చీటీలు కట్టమనడు, పాలసీలు అంటగట్టడు. ఆయనకి కావలసినవల్లా మన రెండు చెవులు. అవీ ఊరికే అడగడు. కాఫీ ఇప్పించి, మురుకులు పెట్టించి, 48 నిమిషాలకి అరువడుగుతాడు. ఒకసారి అరువిచ్చినవాడు మళ్లీ మామ కనబడితే లారీ వస్తున్నా సరే రోడ్డు దాటతాడు.

మా పక్క గ్రామఫోను రికార్డుని ప్లేటు అంటారు. పాత ఇనుముతో పాటు ఏనాడో తూకానికి వేసేసిన ఆ ప్లేట్లని ఇప్పుడు కొత్తగా, అట్ట మీద అట్ట వేసి, వేలకి వేలు పోసి కొనే మామలు ఊరికొకరు తయారయ్యారు. మద్రాసులో, బెంగళూరులో, హైదరాబాదులో అయితే వాళ్లకి జోడీ దొరుకుతుంది. ఒకరి ప్లేటు ఒకరు విని, ఒకరి సూదిని ఒకరు మెచ్చుకుని బతికేస్తారు. కోవిల్‌పట్టిలో మా మామది ఒంటరి కాపురం. ఇక్కడ పుల్ల అంటే అగ్గిపుల్ల, కర్ర అంటే హాకీ కర్ర. ఈ రెండూ కాని సంగతి మాట్లాడేవాణ్ణి ఊరు కాస్త అనుమానంగానే చూస్తుంది. మామకి కూడా చిన్న అగ్గిపెట్టెల యూనిట్ ఉంది కాబట్టి ఇన్నాళ్లూ మర్యాద నిలిచింది.

మనిషిని చూపించకుండా చెప్పుకుపోతున్నాను. 50 దాటిన వయసు, తెల్ల పంచె, పంచె మీద నల్ల టీషర్టు. టీషర్టు మీద ఎర్రటి పెదాలు, బయటికి వేలాడే నాలుక. అది రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు గుర్తు. మొదటిసారి ఆ చొక్కా చూసినరోజు మా అవ్వ రెండు చేతులూ జోడించి, "కాళెమ్మ నాలుక గదరా ఇది! దీన్ని తొడుక్కొని కోడిగుడ్డు తింటావా?" అని మామని చెడామడా తిట్టింది. మేమంతా నవ్వాం. తర్వాత తెలిసిందేమంటే అవ్వ చెప్పిందే నిజం. 1970లో జాన్ పాష్ అనే విద్యార్థి చేత ఆ బొమ్మ గీయించే ముందు పాటగాడు మిక్ జాగర్ అతనికి చూపించింది నాలుక చాపిన కాళికాదేవి పటమే. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి, ఆ పటం శివకాశిలో అచ్చయిందేనని మామ ప్రచారం మొదలెట్టాడు. నా దగ్గర అందుకు ఆధారం లేదు. మామ దగ్గర అంతకన్నా లేదు. కానీ విరుదునగర్ జిల్లాలో ఈ మాటకి ఎదురు చెప్పినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

2003లో రోలింగ్ స్టోన్స్ బెంగళూరులో కచేరీ చేసినప్పుడు మామ రాత్రి బస్సెక్కి పోయి చూసొచ్చాడు. ఆరోజు వాన పడిందట. మా నల్లరేగడి కరిసల్ నేల మనుషులకి వాన లెక్కే లెక్క గనక, పాటల సంగతి అడక్కుండా వాన సంగతే అడిగాం. మొదట్లో తుంపర అన్నాడు. ఐదేళ్లకి జడివాన అయింది. ఇప్పుడు చెబుతుంటే మోకాలి లోతు నీళ్లలో నిలబడి విన్నట్టు చెబుతాడు. ఇడైసెవల్ ఊరి రచయిత కి.రా. ఉండి ఉంటే ఈ వాన మీదే ఒక కథ రాసి పారేసేవాడు. తెలుగింట్లో పుట్టి, తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు తెచ్చుకుని, అరవవాళ్లందరి చేతా కూడా 'నైనా' అనిపించుకున్న మనిషి ఆయన. మామలాంటి సరుకు ఆయన చేతికి చిక్కాల్సింది, నా చేతికి చిక్కింది.

ఇక అసలు సంగతి. 2023 సెప్టెంబరు 6న లండన్‌లో హాక్నీ ఎంపైర్ అనే థియేటర్లో ఆ బ్యాండు కొత్త ఆల్బమ్ కబురు చెప్పింది. పేరు హాక్నీ డైమండ్స్. సొంత పాటలతో వాళ్లు ఆల్బమ్ తెచ్చి అప్పటికి 18 ఏళ్లయింది. డైమండ్స్ అనగానే అత్త చెవులు నిక్కబొడుచుకుంది గానీ, ఆ పేటలో దొంగలు కారు అద్దాలు పగలగొడితే రోడ్డు మీద మెరిసే గాజు పెంకులకి అది ముద్దుపేరని తెలిశాక మళ్లీ చిక్కుళ్లు ఒలవడంలో పడిపోయింది. మామ ఆ రాత్రే ఆర్డరు పెట్టాడు. ఆల్బమ్ అక్టోబరు 20న విడుదల. మా ఊరికి చేరేసరికి దీపావళి పూట.

దీపావళి పూట మా పక్క ఊళ్లలో ఏ పార్సిలొచ్చినా టపాకాయలే అనుకుంటారు. ఇది అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, రెండు వేళ్ల మందం. కొరియర్ కుర్రాడు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "మామా, దోసె పెనమా?" అన్నాడు. మామ దాన్ని పసిబిడ్డని అందుకున్నట్టు రెండు చేతులా అందుకున్నాడు. విప్పితే, వజ్రంలాంటి గుండెలో దిగబడిన బాకు అట్ట మీద ధగధగలాడుతోంది. ఆ వేళకి శివకాశి నుంచి లేబుళ్లు ఇవ్వడానికొచ్చిన ప్రెస్సాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో రుద్ది, వెలుతురుకి పెట్టి చూసి, "అచ్చు పరవాలేదు. అగ్గిపెట్టె మీద వేస్తే గుండె-బాకు బ్రాండని బాగా పోతుంది" అన్నాడు. లోపల పాటలున్నాయని ఆయనకెవరూ చెప్పలేదు.

లోపల ప్లేటు మాత్రం వంగి ఉంది. దారిలో ఏ గోడౌన్లో ఎండ తగిలిందో, తిరిగేటప్పుడు ఒక పక్క లేచి పడుతోంది, నీళ్లలో తామరాకు లాగ. మామ ఆ పూట భోజనం చేయలేదు. చివరికి దాన్ని రెండు అద్దాల మధ్య పెట్టి, పైన విరుదునగర్ నుంచి వచ్చిన 25 కిలోల కందిపప్పు బస్తా దించాడు. వారం రోజులు బస్తా ముట్టుకోకూడదని ఆజ్ఞ. దీపావళి వారంలో ఆ ఇంట్లో సాంబారు లేదు. మజ్జిగ పులుసుతో పండగ చేసుకున్న ఇల్లు ఊరంతటికీ అదొక్కటే.

ఎనిమిదో రోజున నన్ను పట్టుకున్నాడు. రోడ్డు దాటే వీలు లేకుండా సంతలో, ఒక చేతిలో కొబ్బరికాయలు, ఇంకో చేతిలో అరిటాకులు ఉండగా పట్టుకున్నాడు.

ప్లేటు వినడమంటే పాట వినడం అనుకునేరు. అదొక సత్యనారాయణ వ్రతం. ముందు చెప్పులు, తర్వాత సెల్‌ఫోన్లు బయట. గదిలోకి వేరుశనగ మిఠాయి తేకూడదు. కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఊరికంతా అదే పేరు, అదే గర్వం. ఆ ఊళ్లో ఆ మిఠాయికి ప్రవేశం లేని గది ఇదొక్కటే. బెల్లం పాకం వేళ్లతో ప్లేటు ముట్టుకుంటే ఏమవుతుందో ఒకసారి మా చిన్నవాడు చూపించాడట. తర్వాత ఫ్యాను ఆపుతాడు, దుమ్ము లేస్తుందని. పక్కింటివాళ్ల తడి గ్రైండరు ఆపిస్తాడు, నేల అదిరితే సూది ఎగురుతుందని. ఆ పక్కింటామె దోసెపిండికి టైము మామని అడిగి పెట్టుకుంటుంది పాపం.

అప్పుడు ప్లేటు తీస్తాడు. కాలే దోసెని అంచులు పట్టి తీసినట్టు అరచేతుల మధ్య పట్టుకుంటాడు, ముఖం మీద వేలు పడనివ్వడు. సన్నటి నల్ల కుచ్చుతో తుడుస్తాడు. "నిమిషానికి 33 చుట్లు, ఆపైన చుట్టులో మూడోవంతు" అంటాడు. ఆ మూడోవంతు దగ్గర గొంతు తగ్గిస్తాడు, సంగీతమంతా అక్కడే దాక్కుని ఉన్నట్టు. ఒక పక్క గాడినంతా విప్పి తాడులా చాపితే అర కిలోమీటరు దాకా వస్తుందంటాడు. మా వీధి చివర వినాయకుడి గుడి దాకా అన్నమాట. సూది దించుతాడు. చిటపట, చిటపట. అగ్గిపుల్లల యూనిట్లో పుట్టి పెరిగిన నేను ఉలిక్కిపడి లేచాను. "కూర్చో, అది దుమ్ము" అన్నాడు మామ.

పాట మొదలైంది. నవంబరు మధ్యాహ్నం, తలుపులు మూసిన గది, ఆగిన ఫ్యాను. నా వీపు మీద చెమట గాడి కట్టి దిగుతోంది. మామ కళ్లు మూసుకుని, "ఆ వెచ్చదనం చూడరా. ఫోన్లో వచ్చే పాటలో ఈ వెచ్చదనం వస్తుందా?" అన్నాడు. మా ఊళ్లో ఏడాదికి పది నెలలు వెచ్చదనం ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని డబ్బిచ్చి కొనుక్కునేవాణ్ణి మామనే చూశాను.

అవ్వ గడప దగ్గర కూర్చుని విన్నది. ఒక పాటయ్యాక అడిగింది.

"ఈ అరిచే అబ్బయ్యకి వయసెంతరా?"

"80, అమ్మా."

"నాకన్నా నాలుగేండ్లు చిన్నోడు. ఈ వయసులో గొంతు చించుకుంటా ఉండాడే, పిల్లకాయలు లేరా?"

"ఎనిమిదిమంది ఉండారు."

"ఎనిమిదిమంది ఉండి కూడానా!" అవ్వ ముక్కు మీద వేలేసుకుంది. మామ ప్లేటు ఆపి, జాగర్ కోటీశ్వరుడనీ, పిల్లలు కూడు పెట్టకపోవడం వల్ల పాడటం లేదనీ పావుగంట చెప్పాడు. అవ్వ అంతా విని, "ఎవురికి తెలుసులే. లోపల లోపల ఏముందో" అంది.

ప్లేటు తిరగేశాక మమ్మల్ని లేచి నిలబడమన్నాడు. డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్ 2021లో పోయాడు. ఆయన పోకముందు వాయించి పెట్టినవి ఈ ఆల్బమ్‌లో రెండు పాటలున్నాయి. ఆ రెండూ అయ్యేదాకా మామ చేతులు కట్టుకుని నిలబడతాడు. నేనూ నిలబడ్డాను. అవ్వ మోకాళ్ల నొప్పులతో కూడా గడప పట్టుకుని లేచింది. "పోయినోడు వాయిస్తా ఉండాడంటే లేవాల" అంది. మామ చేసే ఈ వ్రతంలో నేను ఎగతాళి చేయలేని ఘట్టం ఇదొక్కటే.

అత్త లెక్క వేరు. ఆమె ప్రపంచంలో ఏ వస్తువునైనా అగ్గిపెట్టెల్లోకి మార్చి చూస్తుంది. 14 ఏళ్లు రూపాయి దగ్గరే నిలబడిపోయిన అగ్గిపెట్టె 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైన రోజు ఆ ఇంట్లో పాయసం చేసుకున్నారు. "ప్లేటు నాలుగు వేల రెండొందలా? అంటే 2,100 పెట్టెలు. పెట్టెకి 50 పుల్లలు. లక్షా అయిదు వేల పుల్లలు ఒక్కసారిగా గీసి పారేసినావు" అంటుంది. అదీ దుకాణం ధర మీద లెక్క. యూనిట్ చేతికి పెట్టెకి ఎంతొస్తుందో తెలిసినవాడు గనక మామ ఆ లెక్కని సరిదిద్దడు. కాలిఫోర్నియాలో ప్లేట్లకి మూలపు పళ్లేలు చేసే అపోలో ఫ్యాక్టరీ 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది. అప్పటికి ప్రపంచానికంతా అలాంటివి రెండే ఉండేవి, ఇంకోటి జపాన్‌లో. ఆ కబురు విని మామ కళ్లనీళ్లు పెట్టుకుంటే అత్త ఒకటే అడిగింది: "పుల్ల మనది కాదు గదా?"

కోవిల్‌పట్టిలో చెవులు అయిపోయాక మామ విరుదునగర్ మీద పడ్డాడు. 50 కిలోమీటర్ల దూరం, సాత్తూరు మీదుగా గంట ప్రయాణం. అక్కడ మామకి వరసకి బావ, పప్పుల వ్యాపారి. పప్పు, మిరప, నూనె ఏ పూట ఎంత పలికిందో విరుదునగర్ మార్కెట్ ధర అని పేపర్లో పడుతుంది. బావ రక్తంలో ఆ పట్టిక పారుతుంది. మామ ప్లేటుని సంచిలో పెట్టుకుని, నూనె పరోటా ఇప్పిస్తానని ఆశ చూపించి బావ చెవులు సంపాదించాడు. తీరా పరోటా తిన్న చేత్తో బావ ప్లేటు అందుకోబోతే మామ కెవ్వుమన్నాడు. నూనెలో మునిగి తేలిన పరోటా అది, వేళ్లకి వారం రోజులు ఉంటుంది.

చెయ్యి కడుక్కొచ్చి బావ ప్లేటుని అరచేతిలో ఎత్తి తూచాడు. "ఎంత బరువు?"

"180 గ్రాములు. మామూలు ప్లేటు కన్నా దళసరి" అన్నాడు మామ గొప్పగా.

బావ కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. "అంటే కిలో 23 వేలు పైన. యాలకులు కూడా ఇంత పలకవప్పా." కళ్లు తెరిచాడు. ఆ కళ్లలో నేను మొదటిసారి సంగీతం పట్ల ఆసక్తి చూశాను. "స్టాకు పెడితే పెరుగుతుందా?"

మామ ఇక్కడ తప్పు చేశాడు. పెరుగుతుందన్నాడు. 2022లో అమెరికాలో ప్లేట్లు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడయితే సీడీలు 3 కోట్ల 30 లక్షలేననీ, 1987 తర్వాత ప్లేటు సీడీని దాటడం అదే మొదటిసారనీ పంచాంగం చదివినట్టు చదివాడు. నెల తిరగకుండా బావ గోడౌన్లో, మినుముల బస్తాల వెనక, చల్లటి మూలలో, ఇరవై ప్లేట్లు సీలు విప్పకుండా చేరాయి. బావ ఇంట్లో ప్లేటు తిప్పే యంత్రం లేదు. "యంత్రమెందుకు? పప్పు కొన్నోడు వండుకుంటాడా, అమ్ముకుంటాడు" అన్నాడు. మామ రాత్రంతా నిద్రపోలేదు. బావ ఒక్కడే కాదని నేను చెబితే ఇంకా బాధపడతాడని చెప్పలేదు గానీ, అమెరికాలో ప్లేట్లు కొనేవాళ్లలో సగంమంది ఇంట్లో యంత్రం లేదని 2023లో ఒక లెక్క వచ్చింది. బావకి ఆ దేశంలో అన్నదమ్ములు చాలామంది.

అటుపైన మామకి మిగిలింది రేడియో సెట్టు తాత. సాత్తూరు పక్క పల్లెలో ఉంటాడు. ఒకప్పుడు పెళ్లికైనా, జాతరకైనా, చెవులు కుట్టే వేడుకకైనా తాత రేడియో సెట్టు రావలసిందే. వేపచెట్టు కొమ్మకి రెండు గొట్టాలు కట్టి, తెల్లారుజామున శీర్కాళి గోవిందరాజన్ పాడిన వినాయకుడి పాటతో మొదలెడితే ఆ చుట్టుపక్కల నాలుగు పల్లెలకి నిద్ర ఉండేది కాదు. ఇప్పుడు అన్నీ పెన్‌డ్రైవులు. గొట్టాలు కడతామంటే పోలీసులు ఊరుకోరు.

తాత వచ్చాడు. ఒక పక్కంతా విన్నాడు, ఫ్యాను అడక్కుండా, ఫోను చూడకుండా, గోడకి ఆనుకోకుండా. ప్లేటు తిరగేయడానికి మామ లేచేసరికి తాత నవ్వాడు. నాతో చెప్పాడు: "మీ మామ ఎనిమిదేండ్లప్పటి నించీ ఇదే పని. మా సెట్టు పెట్టె పక్కన కూర్చొని లేసేవాడు కాదు. అన్నానికి పిలిచినా పోడు. ఒక పక్క అయిపోతానే తిరగేసేది నేనే అని ఏడిచేవాడు. నాదస్వరం పాట ఒకటి ఉండాది చూడు, దాన్ని రోజుకి పదిసార్లు పెట్టించేవాడు."

ఏ పాటో చెప్పక్కర్లేదు. 1962లో వచ్చిన 'కొంజుం సలంగై'లో ఎస్. జానకి గొంతుతో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరం పోటీపడి నడిచే పాట. తెలుగువాళ్లు 'మురిపించే మువ్వలు'లో విన్నదీ అదే. అరుణాచలం మా కోవిల్‌పట్టిలోనే కాపురమున్నవాడు, ఊళ్లో విగ్రహం కూడా ఉంది. మామ ఆయన పేరెత్తగా నేనెప్పుడూ వినలేదు. ఆరోజు చెవులు ఎర్రబడేలా సిగ్గుపడ్డాడు, దొంగతనం దొరికిపోయినట్టు.

రెండో పక్క కూడా అయ్యాక తాత కాసేపు ఆలోచించాడు. "సౌండు బాగుండాది. అంతా బాగుండాది. గొట్టం యాడ?"

"గొట్టమెందుకు తాతా? ఇది గదిలో కూర్చొని వినేది."

"గదిలోనా?" తాత మామ ముఖంలోకి జాలిగా చూశాడు. "నలుగురికీ వినపడకపోతే ప్లేటెందుకు అబ్బయ్యా?"

మర్నాడు సాయంత్రం టీవీఎస్ బండి వెనక పాత ఆంప్లిఫయరు, ముందు కాళ్ల దగ్గర ఒక గొట్టం పెట్టుకుని తాత దిగాడు. ఒక్క పాటకే, చిన్న సౌండుకే అని మాట. మేడ మీద నీళ్లట్యాంకుకి కొబ్బరితాడుతో గొట్టం కట్టారు. మామ ఆల్బమ్‌లో ఆఖరి పాట ఎంచాడు. మడ్డీ వాటర్స్ అనే అమెరికా నల్లజాతి పాటగాడి పాత పాట అది. ఈ బ్యాండు 1962లో తన పేరు పెట్టుకున్నది దాని నుంచే. ఒక గిటారు, ఒక మౌత్ ఆర్గాన్, ఒక ముసలి గొంతు, అంతే.

గొట్టంలో పడేసరికి మామ ఏళ్ల తరబడి పోగేసిన వెచ్చదనమంతా ఎగిరిపోయింది. కీచుమంటూ, గరగరమంటూ, రేకు మీద గీరినట్టు మా వీధంతా పాకింది. మామ కళ్లు మూసుకోలేదు. పిట్టగోడ పట్టుకుని వీధిలోకి వంగి చూస్తున్నాడు. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. దోసెపిండి చేతులతో పక్కింటామె వచ్చింది. యూనిట్లో పెట్టెలు నింపే ఆడవాళ్లు వచ్చారు. ఎదురింటి ముసలాయన అరుగు దిగి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని, ట్యాంకు మీద గొట్టాన్ని చూసి, గట్టిగా కేకేశాడు:

"ఎవురింట్లో అబ్బయ్యా చెవులు కుట్టేది? మాకు చెప్పనేలేదే!"